ఎన్‌డీ8, 0.9, 3 స్టాప్: ఎన్‌డీ ఫిల్టర్ల అంకెలు, రకాలు, దేనికి ఏది?

తెలిమంచు
జలపాతాలు, సముద్రం, మబ్బుల కోసం ఎన్‌డీ (న్యూట్రల్ డెన్సిటీ) ఫిల్టర్, అంటే షటర్ ఎక్కువసేపు తెరిచేందుకు లెన్స్ ముందు పెట్టి వెలుగు తగ్గించే నల్లగాజు, కొందామని చూస్తే ఒక్కో కంపెనీ ఒక్కో అంకె వేస్తోంది. ఒకచోట ఎన్‌డీ8, ఇంకోచోట 0.9, మరోచోట 3 స్టాప్. ఎన్‌డీ1000 అని ఒకటి, 3.0 అని ఒకటి. ఇవన్నీ ఒకటేనా? వీటికి తోడు స్క్రూ రకం, చదరపు పలకలు, తిప్పితే మారే వేరియబుల్ రకం, సగం నల్లగా సగం పారదర్శకంగా ఉండే గ్రాడ్యుయేటెడ్ రకం. కెమెరా ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్), లెన్సులు 67, 77 మి.మీ. థ్రెడ్‌వి. వీడియో కూడా తీయాలి. మొదట ఏది కొనాలి, ఏది ఎందుకు పనికిరాదు, తెలిసినవాళ్లు చెప్పండి.

ముక్కాలిపీట
అంకెల సంగతి ముందు తేల్చేద్దాం. మూడూ ఒకే విషయాన్ని మూడు లెక్కల్లో చెబుతాయి.

ఎన్‌డీ పక్కన పూర్ణాంకం ఉంటే అది వెలుగు ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పేది. ఎన్‌డీ8 పెడితే ఎనిమిదో వంతు వెలుగే లోపలికి వస్తుంది. స్టాప్ అంటే ఒకసారి సగం చేయడం. మూడుసార్లు సగం చేస్తే ఎనిమిదో వంతు, కాబట్టి ఎన్‌డీ8 అంటే 3 స్టాపులు. 0.9 అనేది ఆప్టికల్ డెన్సిటీ, అంటే 8కి పది ఆధారంగా తీసిన లాగరిథమ్. అంకెలో పాయింటు కనిపిస్తే డెన్సిటీ అనుకోండి, 0.3తో భాగించండి, స్టాపులు వచ్చేస్తాయి.

ఎన్‌డీ4 = 0.6 = 2 స్టాపులు
ఎన్‌డీ8 = 0.9 = 3 స్టాపులు
ఎన్‌డీ16 = 1.2 = 4 స్టాపులు
ఎన్‌డీ64 = 1.8 = 6 స్టాపులు
ఎన్‌డీ400 = 2.6 = సుమారు 8.6 స్టాపులు
ఎన్‌డీ1000 = 3.0 = 10 స్టాపులు
ఎన్‌డీ32000 = 4.5 = 15 స్టాపులు

బీ ప్లస్ డబ్ల్యూ వాళ్ల 106, 110 పేర్లలో చివరి అంకెలే స్టాపులు: 6, 10. పది స్టాపులంటే కచ్చితంగా 1024 వంతు, ఎన్‌డీ1000 అంటే 1000. ఆ తేడా స్టాప్‌లో వందో వంతుల్లో ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది ఎన్‌డీ400 దగ్గర. దాన్ని 10 స్టాపుల ఫిల్టర్ అనుకుని లెక్క కడితే ఫొటో దాదాపు స్టాపున్నర ఎక్కువ తెల్లబడుతుంది.

రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పెడితే పూర్ణాంకాలను గుణించాలి, స్టాపులనూ డెన్సిటీనీ కూడాలి. ఎన్‌డీ8 మీద ఎన్‌డీ64 పెడితే ఎన్‌డీ512, అంటే 3 + 6 = 9 స్టాపులు.

రాఫైల్
ముక్కాలిపీట గారు అంకెలు చెప్పేశారు కాబట్టి నేను ఎంపిక దగ్గరికి వస్తాను. ఫిల్టర్ పేరుతో మొదలుపెట్టకండి. ఆ దృశ్యానికి ఎంత షటర్ సమయం కావాలో ముందు అనుకోండి, ఫిల్టర్ దానంతట అదే తేలుతుంది.

జలపాతంలో నీటి పోగులు విడివిడిగా కనబడాలంటే 1/4 నుంచి 1 సెకను. 2 సెకన్లు దాటితే ధార జోరుగా ఉన్నచోట ఆకారం పోయి తెల్లటి ముద్దగా మారుతుంది. ఒడ్డు నుంచి వెనక్కి జారే అల గీతలకు 1/2 నుంచి 1 సెకను, అదీ అల వెనుదిరిగిన క్షణాన నొక్కాలి. సముద్రం పొగమంచులా కావాలంటే 30 సెకన్లు, ఆపైన. మబ్బులు సాగినట్టు రావాలంటే గాలిని బట్టి 1 నుంచి 4 నిమిషాలు.

ఇప్పుడు లెక్క. నీడలో ఉన్న జలపాతం ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/8 (అపెర్చర్, అంటే లెన్స్ రంధ్రం; అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గర 1/30 సెకను చూపిస్తోందనుకోండి. 6 స్టాపులు పెడితే 2 సెకన్లు. ఎఫ్/5.6కి తెరిస్తే 1 సెకను. సరిగ్గా కావలసిన చోటే ఉన్నారు. అక్కడ 10 స్టాపుల ఫిల్టర్ పెడితే ఎఫ్/8లో 34 సెకన్లు అవుతుంది, పోగులన్నీ మాయం. ఎండలో సముద్రం ఎఫ్/11, 1/125 చూపిస్తే 6 స్టాపులతో 1/2 సెకను, 10 స్టాపులతో 8 సెకన్లు. ఒక నిమిషం కావాలంటే 10 మీద ఇంకో 3 స్టాపులు కలపాలి, 64 సెకన్లు వస్తుంది.

అందుకే నా మాట: మొదట 6, తర్వాత 3. రెండూ కలిస్తే 9. పది స్టాపులది మూడోది.

నలుపుగాజు
> మొదట 6, తర్వాత 3

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. రెండు మూడు స్టాపులు సంపాదించడానికి వేరే దారులున్నాయి. సీపీఎల్ (మెరుపులు తగ్గించే సర్క్యులర్ పోలరైజర్) పెడితే 1 నుంచి 2 స్టాపులు తగ్గుతాయి, తడి రాళ్ల మెరుపు కూడా పోతుంది. జలపాతానికి అది ఎలాగూ కావాలి. ఎండ పోయేదాకా ఆగితే మరో మూడు నాలుగు స్టాపులు ఊరికే వస్తాయి. పట్టపగలు నిమిషం ఎక్స్‌పోజర్ మాత్రం పది స్టాపులు లేకుండా మరే దారిలోనూ రాదు. తెలిమంచు గారు సముద్రం, మబ్బులు అన్నారు. వాటికైతే మొదటిది పదే కావాలి.

ఫిల్టర్ దేనికి, ఎఫ్/22 పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఎఫ్/8 నుంచి ఎఫ్/22కి వెళ్తే వచ్చేది 3 స్టాపులే. ఏపీఎస్-సీ సెన్సర్‌లో ఎఫ్/11 దాటాక డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) వల్ల ఫొటో అంతటా పదును పోతుంది, పైగా సెన్సర్ మీద దుమ్ము మచ్చలు ఆకాశంలో నల్ల చుక్కలుగా బయటపడతాయి. పోయిన పదును మళ్లీ రాదు.

రాఫైల్
నలుపుగాజు గారూ, సముద్రం, మబ్బులే ప్రధానమైతే మీ మాటకు అడ్డు చెప్పను. కానీ వీడియో కూడా అన్నారు కదా. వీడియోకు ఒంటరిగా పది స్టాపులు అరుదుగా కుదురుతాయి, 6 రోజూ పనికొస్తుంది. రెండే కొనగలిగితే 6, 10. ఇందులో మనిద్దరికీ తేడా ఉండదనుకుంటా.

కటకం
ఫిల్టర్ ఏదైనా తీసే పద్ధతి తెలియకపోతే మొదటి ఫొటోలన్నీ ఫోకస్ లేకుండానో గోధుమరంగులోనో వస్తాయి. వరుస ఇది.

ట్రైపాడ్ బిగించి, ఫిల్టర్ లేకుండా ఫ్రేమ్ కట్టండి. ఇసుకలో అయితే కాళ్లను గట్టిగా దిగనొక్కండి, లేకపోతే ప్రతి అల వెనక్కి పోతూ కాలి కింద ఇసుకను లాగేస్తుంది, కెమెరా మెల్లగా కుంగుతుంది. ఆటోఫోకస్‌తో ఫోకస్ పట్టి, వెంటనే మాన్యువల్‌కు మార్చండి. 10 స్టాపుల వెనక ఆటోఫోకస్ వెతుక్కుంటూ ఉండిపోతుంది. జూమ్, ఫోకస్ రింగులను ఇక ముట్టుకోవద్దు. ఫిల్టర్ బిగించేటప్పుడు లెన్స్ ముందుభాగం తిరిగి ఫోకస్ జరగడం మామూలుగా జరిగే పొరపాటు. ఒక చేత్తో లెన్స్ గొట్టాన్ని పట్టుకుని బిగించండి.

మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ 100, కావలసిన అపెర్చర్ పెట్టి ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు పంపకం చూపే గ్రాఫ్) సరిచూసుకోండి. ఆ షటర్ సమయాన్ని 6 స్టాపులకైతే 64తో, 10కైతే 1000తో గుణించండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు, డేలైట్‌లో స్థిరంగా ఉంచండి, ఫైలు రా (RAW, కెమెరా దిద్దని ముడి ఫైలు) రకంలో తీయండి. ఇప్పుడు ఫిల్టర్ పెట్టండి. 30 సెకన్లు దాటితే చాలా కెమెరాల్లో బల్బ్ మోడ్ (నొక్కి ఉంచినంతసేపు షటర్ తెరిచి ఉండేది), కేబుల్ రిలీజ్ (కెమెరాను ముట్టకుండా నొక్కే తీగ బటన్) కావాలి. దాటకపోతే 2 సెకన్ల టైమర్ చాలు. లెన్స్‌లో, బాడీలో ఉన్న స్టెబిలైజేషన్ ఆపేయండి.

డీఎస్ఎల్ఆర్ అయితే కంటి దగ్గరి వ్యూఫైండర్‌ను తప్పకుండా మూయాలి. అక్కణ్నుంచి దూరే వెలుగు మామూలు ఫొటోలో లెక్కలోకి రాదు. కానీ లెన్స్ వెలుగును వెయ్యో వంతుకు తగ్గించి నిమిషాల తరబడి షటర్ తెరిచినప్పుడు అదే వెలుగు ఫొటో మీద ఊదా చారలు వేస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఈ బెడద లేదు.

ముందుగా చిన్న పరీక్ష చేస్తే నిమిషాలు వృథా కావు: ఐఎస్ఓ 6400లో 1 సెకను, ఐఎస్ఓ 100లో 64 సెకన్లకు సమానం. ఫిల్టర్ పెట్టాక 6400లో ఒక సెకను తీసి చూడండి. హిస్టోగ్రామ్ బాగుంటే ఐఎస్ఓ 100కి దించి 64 సెకన్లు తీయండి. సూర్యాస్తమయం తర్వాత 4 నిమిషాల ఎక్స్‌పోజర్ తీస్తుంటే, తీస్తుండగానే వెలుగు తగ్గుతుంది కాబట్టి లెక్కకు అర స్టాప్ నుంచి ఒక స్టాప్ కలపండి.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే కెమెరా అంతే సమయం చీకటి ఫ్రేమ్ ఒకటి తీస్తుంది. 4 నిమిషాల ఫొటోకు 8 నిమిషాలు. కెమెరా ఆగిపోయిందని స్విచ్ ఆపేస్తే ఫొటో పోవచ్చు.

తెలిమంచు
అందరికీ ధన్యవాదాలండీ. ఇన్ని ఫిల్టర్లు మోయడం కంటే 2 నుంచి 8 స్టాపుల దాకా మారే వేరియబుల్ ఎన్‌డీ ఒక్కటి కొంటే అయిపోదా? వీడియోకూ అదే అంటున్నారు కదా.

ఫ్రేమ్24
వీడియోకు అవును, వైడ్ లెన్స్‌తో ల్యాండ్‌స్కేప్‌కు కాదు. కారణం దాని లోపలే ఉంది.

వేరియబుల్ ఎన్‌డీ అంటే ముందొకటి వెనకొకటి పెట్టిన రెండు పోలరైజర్లు. ముందుది తిప్పుతుంటే రెండింటి మధ్య కోణం పెరిగి వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది మాలూస్ సూత్రం: మిగిలే వెలుగు ఆ కోణపు కొసైన్ వర్గం. మొదటి స్టాప్ తగ్గడానికి 45 డిగ్రీలు తిప్పాలి. రెండో స్టాప్ 60 దగ్గర, మూడోది 69 దగ్గర, నాలుగోది 75.5, ఐదోది 80, ఆరోది 83, ఏడోది 85, ఎనిమిదోది 86.4. గమనించండి, చివరి స్టాపుల మధ్య దూరం ఒకటి రెండు డిగ్రీలే. అందుకే ముదురు చివర వేలు కదిలితే చాలు ఎక్స్‌పోజర్ ఎగిరిపడుతుంది, రింగు మీద సమాన దూరంలో వేసిన గుర్తులను నమ్మలేం. ఇది పోలరైజర్ల మధ్య లెక్క. తేలిక చివర కూడా పోలరైజర్లు తినే 1 నుంచి 1.5 స్టాపులు దీనికి అదనం, సున్నాకు ఎప్పటికీ రాదు.

రెండోది, ఎక్స్ ఆకారపు మచ్చ. ఆ సూత్రం తిన్నగా వచ్చే కిరణాలకు. వైడ్ లెన్స్‌లో మూలలకు వచ్చే కిరణాలు ఫిల్టర్‌ను ఏటవాలుగా దాటుతాయి, వాటికి పోలరైజర్ల మధ్య కోణం వేరేగా ఉంటుంది. ముదురు చివర ఫ్రేమ్ మీద అడ్డంగా నల్లటి ఎక్స్ పడుతుంది. లెన్స్ ఎంత వైడ్ అయితే మచ్చ అంత తొందరగా వస్తుంది. 2–5, 6–9 అని పరిధి కుదించి, చివర గట్టిగా ఆగిపోయే స్టాపర్ పెట్టినవి ఈ మచ్చకు ముందే ఆపేస్తాయి. కొంటే అలాంటిదే కొనండి. ఎన్‌డీ2 నుంచి ఎన్‌డీ400 దాకా అని పెద్ద పరిధి రాసినవాటిలో చివరి భాగం పనికిరాదు.

మూడోది మరిచిపోయేది: పోలరైజర్ గుణం ఎక్కడికీ పోదు. ఎక్స్‌పోజర్ కోసం తిప్పితే దాంతోపాటు నీలాకాశం ముదిరే చోటూ, నీటి మీద ప్రతిబింబమూ మారతాయి. ప్రతిబింబం కావాలి, 5 స్టాపులూ కావాలి అంటే రెండూ కుదరకపోవచ్చు. ఇంకో సీపీఎల్ దానికి తగిలించినా బాగుపడదు, మూడు పోలరైజర్ల చిక్కు మొదలవుతుంది.

ఇక వీడియో లెక్క. సెకనుకు 25 ఫ్రేములకు షటర్ 1/50, 50 ఫ్రేములకు 1/100 ఉంచితే కదలిక సహజంగా కనిపిస్తుంది. షటర్ కట్టేసుకున్నాం కాబట్టి వెలుగు తగ్గించే పని ఫిల్టర్‌దే. నిండు ఎండలో సన్నీ 16 అనే ఎండ లెక్క ప్రకారం ఐఎస్ఓ 100, ఎఫ్/16కి 1/100. ఎఫ్/2.8కి తెరిస్తే 5 స్టాపులు పెరిగి 1/3200, దాన్ని 1/50కి తేవాలంటే 6 స్టాపులు. రంగులు తర్వాత దిద్దుకునేలా చప్పగా రికార్డు చేసే లాగ్ ప్రొఫైల్‌లో కనీస ఐఎస్ఓ 800 అయితే ఇంకో 3 కలిపి 9 స్టాపులు. లాగ్‌లో తీసేవాళ్లకు 2–5 వేరియబుల్ నిండు ఎండలో చాలదు, కారణం ఇదే. 6–9ది కావాలి, లేదా 2–5 వేరియబుల్ వెనక స్థిరమైన 4 స్టాపుల ఫిల్టర్.

సోనీ ఎఫ్ఎక్స్6 లాంటి కెమెరాల్లో ఎలక్ట్రానిక్ వేరియబుల్ ఎన్‌డీ లోపలే ఉంటుంది, 1/4 నుంచి 1/128 దాకా, అంటే 2 నుంచి 7 స్టాపులు. అది లిక్విడ్ క్రిస్టల్‌తో పనిచేస్తుంది, ముందు పోలరైజర్ తిప్పే పని ఉండదు.

రాఫైల్
ఫ్రేమ్24 గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. టెలిఫొటో మీద చవక వేరియబుల్ పెడితే పదును కూడా పోతుంది. రెండు గాజుల మధ్య అతికించిన పొరల లోపాలు 200 మి.మీ. దగ్గర బయటపడతాయి, 35 దగ్గర కనబడవు. కొన్నవాళ్లు వైడ్‌లో చూసి బాగుందనుకుంటారు. ఫిల్టర్‌తో, ఫిల్టర్ లేకుండా దూరంగా ఉన్న అక్షరాలను తీసి 100 శాతం దగ్గర పోల్చండి.

నలుపుగాజు
రంగు గురించి ఎవరూ ఎత్తలేదు. న్యూట్రల్ అని పేరు ఉన్నంత మాత్రాన న్యూట్రల్ కాదు, ఇక్కడే మంచి ఫిల్టర్‌కూ చవకదానికీ అసలు తేడా.

రంగు వంగడం రెండు రకాలు. మొదటిది ఫ్రేమ్ అంతటా ఒకే ఛాయ. పాత 10 స్టాపుల్లో లీ బిగ్ స్టాపర్ నీలంగా, బీ ప్లస్ డబ్ల్యూ 110 వెచ్చటి గోధుమగా వంగుతాయి. దీనికి మందు సులువు: ఫిల్టర్ పెట్టి గ్రే కార్డును (రంగు సరిచూసే బూడిదరంగు అట్ట) ఒకసారి తీసి, రా ఫైలులో దాని మీద వైట్ బ్యాలెన్స్ పట్టి మిగతావాటికి అంటించాలి.

రెండోది ఇన్‌ఫ్రారెడ్ కాలుష్యం, దీనికి అలాంటి మందు లేదు. మన కన్ను సుమారు 700 నానోమీటర్ల దాకా చూస్తుంది, సిలికాన్ సెన్సర్ 1100 దాకా పట్టుకోగలదు. కెమెరా లోపల ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే గాజు ఉంటుంది గాని 700 దాటిన వెంటనే పూర్తిగా ఆపదు, కొంచెం జారుతుంది. మామూలుగా ఆ కొంచెం కనబడదు. రంగుద్రవ్యంతో చేసిన 6 స్టాపుల ఎన్‌డీ పెట్టారనుకోండి. అది కంటికి కనిపించే వెలుగును 64వ వంతుకు కోస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను దాదాపు అలాగే వదిలేస్తుంది. ఆ తగ్గిన వెలుగుకు సరిపడా షటర్ 64 రెట్లు తెరుస్తాం. అంటే జారిన ఇన్‌ఫ్రారెడ్ వాటా 64 రెట్లు పెరిగినట్టే. 10 స్టాపులకు వెయ్యి రెట్లు.

ఫలితం: నల్లటి సింథటిక్ బట్ట మెరూన్ రంగుకు తిరుగుతుంది, ఆకులు ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా వెనక్కి కొడతాయి కాబట్టి పచ్చదనం పాలిపోయి గోధుమకు పోతుంది. పక్కనే ఉన్న నల్లటి నూలుబట్ట మాత్రం నల్లగానే ఉండొచ్చు. ఒక్కో పదార్థం ఒక్కోలా మారుతుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే ఒకటి కుదిరి ఇంకోటి చెడుతుంది. 4 స్టాపుల నుంచే కొన్ని కెమెరాల్లో తెలుస్తుంది.

పరిష్కారం కొనేటప్పుడే. లోహపు పొరను వాక్యూమ్‌లో గాజు మీద పట్టించిన ఎన్‌డీలు కనిపించే వెలుగునూ ఇన్‌ఫ్రారెడ్‌నూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. ఐఆర్‌ఎన్‌డీ అని అమ్మేవి ఇవే, లేదా ఇన్‌ఫ్రారెడ్ కోత కలిపినవి. విడిగా ఐఆర్ కట్ ఫిల్టర్ కూడా పెట్టొచ్చు, కానీ వెలుగును వెనక్కి కొట్టే రకం వైడ్ లెన్స్‌లో మూలలను ఆకుపచ్చ-నీలం వైపు తిప్పుతుంది.

కొత్త ఫిల్టర్ చేతికొచ్చాక చేసే పరీక్ష: ఎండలో రెండు మూడు రకాల నల్లబట్టలు పక్కపక్కన పరిచి ఫిల్టర్ లేకుండా ఒకటి, ఫిల్టర్‌తో ఒకటి తీయండి. రెంటికీ గ్రే కార్డుతో వైట్ బ్యాలెన్స్ సరిచేశాక కూడా రెండోదాంట్లో ఒక బట్ట ఎర్రబారితే ఫిల్టర్ ఇన్‌ఫ్రారెడ్‌ను వదులుతోంది, వెనక్కి ఇచ్చేయండి.

ముక్కాలిపీట
అదే పూట అసలు ఎన్ని స్టాపులో కూడా కొలుచుకోండి. 10 అని రాసింది 9.5 ఉండొచ్చు, 10.5 ఉండొచ్చు. వెలుగు మారని గదిలో తెల్లగోడను, ఫిల్టర్ లేకుండా 1/60కి తీసి హిస్టోగ్రామ్ శిఖరం ఎక్కడుందో చూసుకోండి. ఫిల్టర్ పెట్టి అపెర్చర్, ఐఎస్ఓ మార్చకుండా శిఖరం అదే చోటికి వచ్చేదాకా షటర్ పెంచండి. 17 సెకన్లకు వస్తే కచ్చితంగా 10. 25 సెకన్లకు వస్తే 25 × 60 = 1500 రెట్లు, అంటే 10.5 స్టాపులు. ఆ అంకెను ఫిల్టర్ డబ్బా మీద రాసుకుని ఇకనుంచి అదే వాడండి. డీఎస్ఎల్ఆర్ అయితే ఈ పరీక్షలోనూ వ్యూఫైండర్ మూయాలి.

జలరేఖ
గ్రాడ్యుయేటెడ్ గురించి నేను చెప్తాను. ఇది షటర్ కోసం కాదు, ఆకాశానికీ నేలకూ మధ్య వెలుగు తేడా తగ్గించడానికి. నేల మీద స్పాట్ మీటర్ (ఒక్క చోటి వెలుగును కొలిచేది) పెట్టి చూడండి, ఆకాశం మీద చూడండి. తేడా 4 స్టాపులైతే 3 స్టాపులది పెట్టండి, 4ది పెట్టకండి. ఆకాశం నేలకంటే కొంచెం వెలుగ్గా ఉంటేనే కంటికి సహజం. ఆకాశం కంటే దాని ప్రతిబింబం వెలుగ్గా వస్తే ఫిల్టర్ ఎక్కువైందని గుర్తు.

హార్డ్ రకంలో నలుపు గీత గీసినట్టు ఆగుతుంది, చదునైన సముద్రపు అంచుకు. సాఫ్ట్ మెల్లగా కలుస్తుంది, కొండలకు. రివర్స్‌లో మధ్యగీత దగ్గర ఎక్కువ నలుపు, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. సూర్యుడు సరిగ్గా అంచు మీద ఉన్నప్పుడు వెలుగంతా అక్కడే ఉంటుంది కాబట్టి అదొక్కటే సరిపోతుంది, మిగతా వేళల్లో పక్కన పెట్టేదే.

ఏపీఎస్-సీ వాళ్లు గమనించాల్సింది: 100 మి.మీ. పలక ముందు మీ లెన్స్ చిన్నదైతే సాఫ్ట్ గ్రాడ్‌లో కలిసే భాగం ముక్క మాత్రమే ఫ్రేమ్‌లోకి వస్తుంది, ఎఫెక్ట్ దాదాపు తెలియదు. మీకు హార్డ్ లేదా మీడియం మేలు. ఇంకోటి, అపెర్చర్ తెరిచి ఉన్నప్పుడు గీత మెత్తగా, ఎఫ్/16 దగ్గర పదునుగా కనిపిస్తుంది. కాబట్టి గీతను సరిచేసేటప్పుడు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ నొక్కి, తీయబోయే అపెర్చర్‌లోనే చూడండి.

స్క్రూ రకం గ్రాడ్యుయేటెడ్ మాత్రం కొనకండి. గీత ఎప్పుడూ ఫ్రేమ్ నడిమధ్యే ఉంటుంది, కిందకీ పైకీ జరపలేరు. చెట్టో కొండకొమ్మో గీత దాటి పైకి ఉంటే దాని పైభాగం నల్లబడుతుంది. అలాంటిచోట రెండు ఎక్స్‌పోజర్లు తీసి కంప్యూటర్‌లో కలపడమే శుభ్రం.

తెలిమంచు
మరి 67, 77 రెండు లెన్సులకూ రెండేసి కొనాలా? పలకలా, స్క్రూనా?

కటకం
రెండేసి వద్దు. పెద్ద సైజు, అంటే 77ది కొని, 67–77 స్టెప్-అప్ రింగ్ పెట్టుకోండి. ముందుముందు 82 లెన్స్ వచ్చే ఆలోచన ఉంటే ఇప్పుడే 82 కొనండి. చిన్న ఫిల్టర్‌ను పెద్ద లెన్స్‌కు స్టెప్-డౌన్ రింగుతో పెడితే మూలలు నల్లబడతాయి. స్టెప్-అప్ పెట్టాక ఆ లెన్స్ హుడ్ ఎక్కదు, పక్క ఎండను చేత్తోనో అట్టముక్కతోనో అడ్డుకోవాలి.

స్థిర ఎన్‌డీలకు స్క్రూ చాలు, వెలుగు పక్కల నుంచి దూరదు. పలకల హోల్డర్ గ్రాడ్యుయేటెడ్ వాడితేనే కొనండి. 100 మి.మీ. హోల్డర్‌కు నిండు ఎన్‌డీ 100×100, గ్రాడ్ 100×150. నిండు ఎన్‌డీ పలకను నురుగు అంచు లెన్స్ వైపు ఉండేలా, లెన్స్‌కు అన్నిటికంటే దగ్గరి గాడిలో పెట్టండి. సందు ఉంటే వెలుగు దూరి ఫొటో మధ్యలో పాలిపోయిన మచ్చ పడుతుంది. ముందు గాజు ఉబ్బెత్తుగా ఉండి థ్రెడ్ లేని అల్ట్రావైడ్‌లకు 150 మి.మీ. హోల్డర్ తప్పదు.

రెజిన్ పలకలు కింద పడితే పగలవు గాని గీతలు పడతాయి. గాజు గీతలు తట్టుకుంటుంది, పడితే పగులుతుంది. పది స్టాపులకు గాజే తీసుకోండి.

ఫ్రేమ్24
ఫ్లాష్‌తో పోర్ట్రెయిట్ తీసేవాళ్లకూ ఎన్‌డీ పని ఉంది, క్లుప్తంగా చెప్తా. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/2కి 1/6400 కావాలి. ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో మామూలుగా వాడగల అత్యంత వేగమైన షటర్) 1/200. తేడా 5 స్టాపులు, కాబట్టి ఎన్‌డీ32. ఫ్లాష్ వెలుగు కూడా అదే ఫిల్టర్ గుండా వస్తుంది కనుక ఎఫ్/11కి ఎంత పవర్ పెడతారో అంత పెట్టాలి. అంతకంటే వేగమైన షటర్‌కు ఫ్లాష్‌ను పనిచేయించే హైస్పీడ్ సింక్‌లో ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది, ఎన్‌డీతో ఆ నష్టం ఉండదు.

జలరేఖ
ఫిల్మ్ వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: గుణించి వచ్చిన సమయంతో ఆగకండి, రెసిప్రాసిటీ (ఎక్కువసేపు తెరిస్తే ఫిల్మ్ స్పందన మందగించడం) కలపాలి. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కు ఆ కంపెనీ ఇచ్చిన ఘాతాంకం 1.31, అంటే లెక్కలో వచ్చిన సెకన్లను ఆ ఘాతానికి పెంచాలి. లెక్కలో 8 సెకన్లు వస్తే తెరవాల్సింది 15 సెకన్లు, 64 వస్తే దాదాపు 3 నిమిషాల 50 సెకన్లు.

నలుపుగాజు
ఒక హెచ్చరిక, దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. 10 స్టాపుల ఎన్‌డీ పెట్టి సూర్యుణ్ని, గ్రహణాన్ని డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి చూడకండి. కంటికి నల్లగా ఉన్నా ఇన్‌ఫ్రారెడ్ లోపలికి వస్తూనే ఉంటుంది, నొప్పి తెలియకుండానే రెటీనా కాలుతుంది. రెండు మూడు ఎన్‌డీలు కలిపి ముదురు చేసినా అంతే. సూర్యబింబాన్ని తీయడానికి ప్రత్యేకంగా చేసిన డెన్సిటీ 5.0 సోలార్ ఫిల్టర్ ఉంటుంది, లక్షో వంతు, 16.6 స్టాపులు. అది పెట్టినా లైవ్ వ్యూ తెర మీదే చూడండి. నేరుగా కంటితో చూసే అద్దాల ప్రమాణం ఐఎస్ఓ 12312-2. అవి కంటికే, కెమెరాలోంచో బైనాక్యులర్‌లోంచో చూడడానికి కాదు.

రాఫైల్
ఫిల్టర్ అసలు లేకుండా అంటే, 1 సెకను చొప్పున వరుసగా 16 ఫొటోలు తీసి కంప్యూటర్‌లో సగటు చేస్తే 16 సెకన్ల నీటి మెత్తదనం వస్తుంది, నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది. ఓఎం సిస్టం ఓఎం-1 మార్క్ 2 లాంటివి ఇదే పని లోపలే చేస్తాయి, ఎన్‌డీ128 దాకా. నీటికి బాగుంటుంది. ఫ్రేముల మధ్య సందు ఉంటే వేగంగా కదిలే దీపాల గీతలు తెగితెగి వస్తాయి. ఎండలో ఆ ఒక్క సెకను దొరకడానికే మళ్లీ ఫిల్టర్ కావాలి.

తెలిమంచు
77 మి.మీ. సైజులో 6, 10 స్టాపులు లోహపు పొర గాజువి, 67–77 రింగు, వీడియోకు 2–5 వేరియబుల్. ఇదీ నా జాబితా. లాగ్ వాడను కాబట్టి వేరియబుల్ సరిపోతుందనుకుంటున్నా. చివరిగా, రింగు, ఫిల్టర్ కలిసి బిగుసుకుపోతే ఏం చేయాలి? సముద్రం దగ్గర తుడవడం ఎలా?

కటకం
నిండు ఎండలో ఎఫ్/2.8 అయితే 6 స్టాపులు కావాలని ఫ్రేమ్24 గారు లెక్క చెప్పారు కదా. 2–5తో ఎఫ్/4 దాకా వస్తారు, ఇంకా తెరవాలంటే మీ 6 స్టాపులదే వాడండి. జాబితా సరిగ్గానే ఉంది.

బిగుసుకుంటే వేళ్లతో గట్టిగా నొక్కి తిప్పకండి. రెండు వైపులా నొక్కితే రింగు కోడిగుడ్డు ఆకారానికి వంగి థ్రెడ్ ఇంకా పట్టేస్తుంది. చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, నొక్కకుండా అన్ని వేళ్లతో సమానంగా తిప్పండి. రెండు ఫిల్టర్లు అతుక్కుంటే రెండు ఫిల్టర్ రెంచీలు కావాలి, ఒకటి ఆపడానికి, ఇంకోటి తిప్పడానికి. అసలు బిగుసుకోకుండా ఉండాలంటే తగిలాక పావు చుట్టు వెనక్కి వదలండి. అల్యూమినియం మీద అల్యూమినియం త్వరగా పట్టేస్తుంది, స్టెప్-అప్ రింగు ఇత్తడిది కొంటే ఈ బాధ చాలావరకు పోతుంది.

ఉప్పునీటి తుంపర పడితే పొడిబట్టతో తుడవకండి. ఆరిన ఉప్పు, ఇసుక కోటింగును గీస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊది, ఫిల్టర్‌ను లెన్స్ నుంచి విప్పి మంచినీళ్లతో కడిగి, శుభ్రమైన మైక్రోఫైబర్‌తో అద్దండి. వేరియబుల్ ఎన్‌డీని మాత్రం నీళ్లలో ముంచొద్దు. రెండు గాజుల మధ్యకు నీరు చేరితే లోపల మరకలు కడతాయి, విప్పి తుడవడం కుదరదు. దానికి తడిపి పిండిన బట్టతో పైపైన అద్దడమే.